నల్లరేగడికి బూడిద బలం
(బుక్కరాయసముద్రంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారు మాలాంటి ఎందరికో మట్టి చదువు చెప్పారు. తన పేరు వినబడడం కన్నా తన పాఠం పనికి రావడం ఆయనకు ముఖ్యం. అందుకని ఆయన గురించి తక్కువ, ఆయన పాఠం గురించి ఎక్కువ చెబుతాను. తడిమట్టిని గాజు పలక మీద అరచేత్తో మూడు మిల్లీమీటర్ల పోగుగా పేని, ఎక్కడ విరుగుతుందో చూడమనేవారు. మన ఎర్రమట్టి చాలాసార్లు పోగు కాకముందే రాలిపోతుంది. నల్లరేగడి పేనినకొద్దీ సాగుతుంది. ఈ జిల్లాలో రోడ్డు వేసే మనిషికి ఆ తేడా ముందు వేళ్లకు తెలియాలని ఆయన పట్టుదల. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ నల్లరేగడి గురించే. దాన్ని సిమెంటుతో కాక, పరిశ్రమల్లో మిగిలిపోయే బూడిద, స్లాగ్, కార్బైడ్ సున్నం వంటి వాటితో గట్టిపరచవచ్చు. గట్టిపరచాలి కూడా.

మట్టి బలం గురించి మాట్లాడడానికి ఈ ఊరికి ఉన్న హక్కు చిన్నది కాదు. పండమేరుకు అడ్డంగా 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయారు చెరువు కట్టించాడని, కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరో కొసన అనంతసాగరం వెలిశాయని చరిత్ర చెబుతుంది. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. ఈ కట్టకు గండి పడబోయినప్పుడు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఊరి కోసం ప్రాణమిచ్చిన కథ మీ అందరికీ తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో ఆ కథనే 'ముసలమ్మ మరణము' కావ్యంగా రాశారు. నేను ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతూనే, మట్టి చదివినవాడిగా ఒక మాట అంటాను. కట్టలోకి నీరు ఊరుతుంది. ఊరిన దారిలో సన్నమట్టి కణాలు కొట్టుకుపోతాయి. సన్నని దారి సొరంగమవుతుంది, పైన కట్ట కూలుతుంది. ఆ రోజున దీన్ని ముందుగా పసిగట్టే పరీక్ష లేదు, ఆపే మందు లేదు. ఊరు ఒక మనిషి ప్రాణాన్ని అడిగింది. ఇప్పుడు పరీక్ష ఉంది, మందూ ఉంది. తెలిసి కూడా వాడకపోతే ఆ తప్పు మనది.

మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఇంత తక్కువ వాన కురిసే చోట మెత్తని నేల సమస్య ఏమిటని కోస్తా మిత్రులు ఆశ్చర్యపోతుంటారు. వాళ్లకు మెత్తని నేలంటే కాకినాడ, విశాఖ తీరాల సముద్రపు బంకమట్టి. అది ఏడాది పొడవునా నీళ్లలో నాని ఉంటుంది, తన గుణం దాచుకోదు. మన నల్లరేగడి అలా కాదు. ఏప్రిల్‌లో గడ్డపార దిగదు. నేల చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. ఒక్క పెద్ద వాన చాలు, మోటారు సైకిలు చక్రం మడ్‌గార్డు దాకా కూరుకుపోతుంది. కరువు సీమలో వాన తక్కువే కానీ వచ్చినప్పుడు ఒక్కసారే వస్తుంది. 2022 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం కాలనీలు మునిగిన సంగతి మరిచిపోలేదు కదా. గట్టితనం, మెత్తదనం మధ్య ఇంత దూరం ప్రయాణించే నేల మీద వేసిన తారు పగలకుండా ఎలా ఉంటుంది?

కారణం ఆ మట్టిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం. పేకముక్కల దొంతరలా అతి పలుచని పొరలు. పొరల నడుమ నీరు చేరితే దొంతర ఉబ్బుతుంది, నీరు పోతే కుంగుతుంది. నానబెట్టి పరీక్షిస్తే ఇటువంటి నేల సీబీఆర్, అంటే భారం మోసే శక్తిని చెప్పే సూచిక, తరచుగా 2 దగ్గర ఉంటుంది. గ్రామీణ రోడ్ల డిజైన్‌కు వాడే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) నియమావళి 2 ఉన్న నేలను అన్నిటికన్నా అధమ తరగతిలో పెడుతుంది. 5 లేదా 6 వస్తే ఫర్వాలేదంటుంది, 10 దాటితే చాలా మంచిదంటుంది. ఈ 2ను 10 చేయడమే మన పని. నేల బలహీనమైనకొద్దీ పైన కంకర మందం పెంచాలి. కంకరంటే కొండ, క్రషర్, డీజిల్. ఇన్నాళ్లూ మనం కొండలు తవ్వి నల్లరేగడిని కప్పుతూ వచ్చాం. కప్పిన కంకర కూడా రెండు మూడు వానలకు రేగడిలోకి దిగబడిపోతుంది.

మట్టినే మార్చే దారి ఉంది. సున్నం కలిపితే మొదటి కొన్ని గంటల్లోనే కాల్షియం అయాన్లు పొరల మీది సోడియం స్థానంలో చేరి కణాలను గుంపులు కట్టిస్తాయి. జిగట పోతుంది, మట్టి గరుకవుతుంది. పేనితే సాగిన పోగు ఇప్పుడు విరుగుతుంది. ఇది మొదటి దశ. రెండో దశ నెమ్మది. సున్నపు క్షారంలో మట్టిలోని సిలికా, అల్యూమినా కరిగి కాల్షియంతో కూడి కొత్త జిగురు పదార్థమవుతాయి. సిమెంటు గట్టిపడేదీ ఇటువంటి పదార్థంతోనే. అయితే మట్టిలోంచి దొరికే సిలికా పరిమితం. అందుకే బయటినుంచి చురుకైన సిలికా తెచ్చి ఇవ్వాలి. అది బొగ్గు కాలిన బూడిదలో గాజుగోళీల రూపంలో పుష్కలంగా ఉంది. ఇనుప కొలిమి నుంచి కారిన చిట్టేన్ని నీటి ధారలతో చటుక్కున చల్లార్చి మెత్తగా విసిరితే వచ్చే స్లాగ్ పొడిలో సిలికాతో పాటు సుమారు మూడో వంతు కాల్షియం ఆక్సైడ్ కూడా ఉంటుంది. స్లాగ్ తనంతట తాను మెల్లగా గట్టిపడగలదు, కొంచెం సున్నం తోడుంటే త్వరపడుతుంది. మన దేశపు బూడిద చాలా మటుకు సున్నం తక్కువ రకం. దానికి సున్నం తోడు లేకపోతే పని జరగదు.

ఇది పాశ్చాత్యుల కొత్త కనిపెట్టుడేమీ కాదు. ఇటుకపొడి సుర్కీని గానుగ సున్నంతో నూరి గార కట్టిన మేస్త్రీల పిల్లలం మనం. కాల్చిన మట్టి, సున్నం, నీరు, ఓర్పు. రసాయనం ఇదే. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యామ్ రాతి కట్టడానికి సుర్కీ గార వాడారు. ఎగువ కాలువలో మన జిల్లాకు వచ్చే ప్రతి నీటిబొట్టూ ఆ గోడ వెనక నిలిచిందే. సిమెంటు లేకపోతే కట్టడమే లేదనుకునే పిల్లలు ఒక్కసారి హోస్పేట వెళ్లి ఆ గోడను చూసి రండి.

సిమెంటు మీద నాకు పగ లేదు. తాడిపత్రి చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలు ఆ ఫ్యాక్టరీల మీద బతుకుతున్నాయో నాకు తెలుసు. వంతెనకు, ఇంటి శ్లాబుకు సిమెంటు కావాలి. నేల కింద కలిపి పారేయడానికి అంత ఖరీదైన, అంత పొగ మిగిల్చే వస్తువు ఎందుకన్నదే నా ప్రశ్న. స్వచ్ఛమైన సున్నపురాయి 1000 కిలోలు కాలిస్తే 560 కిలోల సున్నం మిగులుతుంది, 440 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. పైగా కొలిమిని 1450 డిగ్రీలకు తేవడానికి కాల్చే బొగ్గు వేరు.

ఒక కిలోమీటరు ఊరిబాటకు లెక్క వేద్దాం. ఐదు మీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల లోతు తీసుకుంటే 1500 ఘనమీటర్లు, అంటే సుమారు 2400 టన్నుల మట్టి. నూటికి 6 పాళ్లు సిమెంటు కలిపితే 144 టన్నులు. టన్నుకు 0.85 చొప్పున 120 టన్నుల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు. అదే 2 పాళ్లు సున్నం, 4 పాళ్లు స్లాగ్ అయితే సున్నానికి 50 టన్నుల పైన, స్లాగ్ విసరడానికి ఏడెనిమిది టన్నులు. మొత్తం మీద సగం. స్లాగ్ బళ్లారి అవతల తోరణగల్లు నుంచి లారీలో తెచ్చినా, ఖాళీ లారీ తిరుగు ప్రయాణం కలిపినా, ఇంకో రెండు మూడు టన్నులకు మించదు. గమనించండి, మిగిలిన ఆ సగంలో అత్యధిక భాగం సున్నానిదే. కాబట్టి ఈ లెక్కలో అసలు శత్రువు సున్నం కాల్చడమే. కార్బైడ్ నుంచి ఎసిటిలీన్ గ్యాస్ తీసే చోట మిగిలే తెల్లటి బురద కూడా కాల్షియం హైడ్రాక్సైడే. దాని కోసం ఎవరూ కొత్తగా కొలిమి వెలిగించనక్కర్లేదు. ఆరబెట్టి, పరీక్షించి, బట్టీ సున్నం స్థానంలో వాడుకోగలిగితే ఆ సగం కూడా బాగా తగ్గుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించాలి. తాడిపత్రి బండల పాలిష్ యూనిట్ల దగ్గర గుట్టలు పడ్డ పొడిని చూసి ఇదంతా సున్నమే కదా, రోడ్డులో కలిపేద్దాం అనేవాళ్లున్నారు. అది కాల్చని సున్నపురాయి పొడి. మట్టి సందులను పూడుస్తుంది, జిగట కొంత తగ్గిస్తుంది, అంతే. కణాన్ని కణంతో కట్టే శక్తి దానికి లేదు. పూరకంగా వాడండి, బైండర్ అని బిల్లు రాయకండి.

రెండో మాట ఇంకా కఠినమైనది. నీటితో చల్లార్చిన స్లాగ్ ఇప్పుడు వృథాగా పడి లేదు. సిమెంటు కంపెనీలు, కాంక్రీటు ప్లాంట్లు కొంటున్నాయి. థర్మల్ కేంద్రంలో చిమ్నీ దగ్గర పట్టిన పొడి బూడిద సంగతీ అంతే, అది పోజోలానా సిమెంటులో 35 శాతం దాకా కలుస్తోంది. అక్కడికి పోయే స్లాగ్‌ను మనం రోడ్డు కిందికి మళ్లిస్తే సిమెంటు ఫ్యాక్టరీ ఆ మేరకు ఇంకా రాయి కాలుస్తుంది. లోకానికి ఒరిగేదేమీ లేదు. కనుక మనం చూడవలసింది గుట్టల్లో, బూడిద చెరువుల్లో మిగిలిపోయినది, సిమెంటు మిల్లు ముట్టనిది. చెరువు బూడిద ముతకగా ఉంటుంది, చురుకు తక్కువ. గట్టు నింపడానికి అలాగే పనికొస్తుంది. ఆ మెరకకు ఐఆర్‌సీ మార్గదర్శకాలు ఎప్పటినుంచో ఉన్నాయి. బైండర్‌గా కావాలంటే జల్లించి సన్నది తీయాలి, సున్నం కాస్త ఎక్కువ ఇవ్వాలి, ఎక్కువ కాలం ఆగాలి. కష్టమే, అయినా దీన్నే మన పరిశోధకులు పట్టుకోవాలని నా అభిప్రాయం. వాడుకలో ఉన్న మంచి స్లాగ్‌తో ఇంకో వ్యాసం రాయడం తేలిక. ఎవరికీ అక్కర్లేని ముతక బూడిదతో రోడ్డు నిలబెట్టడం ఊరికి ఉపకారం.

తెలుగునాట ఈ పని శూన్యం నుంచి మొదలు కానక్కర్లేదు. బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి గారు ఉబ్బని బంకమట్టిని సుమారు మీటరు మందం పరిచి రేగడి ఉబ్బును అదిమిపెట్టే పద్ధతి చూపారు. కర్ణాటకలో రేగడి నేలల మీది కాలువలకు అది ఉపయోగపడింది. ఎండ, వాన మార్చి మార్చి తగిలితే ఆ పొర ప్రభావం తగ్గుతుందని తరువాతి ప్రయోగాల్లో తేలాక, మన ఎ. శ్రీరామారావు గారు, ఎం. రామారావు గారు, ఆర్. దయాకర్ బాబు గారు సున్నం కలిపిన బూడిదనే మెత్తలా పరిచి చూశారు. 2004లో బి.ఆర్. ఫణికుమార్ గారు, రాధే శర్మ గారు అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం పత్రికలో అచ్చేసిన వ్యాసంలో నూటికి 20 పాళ్లు బూడిద కలిపితే రేగడి ఉబ్బు సూచిక సుమారు సగానికి దిగిందని చూపారు. ఇవి మన మట్టి మీద, మన మనుషులు చేసిన పనులు. ప్రయోగశాల నుంచి పంచాయతీ రోడ్డు దాకా ఇవి పూర్తిగా నడిచి రాకపోవడమే నా బాధ.

విదేశీ అనుభవాల్లో మనకు బాగా పనికొచ్చేవి గెలుపుల కన్నా ఓటములు. లాస్ వెగాస్‌లో స్టూవర్ట్ అవెన్యూ కింది మట్టిని సున్నంతో గట్టిపరిస్తే, కొంతకాలానికి రోడ్డు ఉబ్బి పగిలింది. మట్టిలోని సల్ఫేటు, సున్నం, అల్యూమినా నీటిలో కలిసి ఎట్రింజైట్ అనే స్ఫటికంగా పెరిగి రోడ్డును పైకెత్తాయి. జేమ్స్ మిచెల్ 1986లో అచ్చయిన తన టెర్జాఘి ఉపన్యాసంలో ఈ కథ విప్పి చెప్పారు. ఆ తరువాత ఇంగ్లాండులో బాన్‌బరీ దగ్గర ఎం40 రహదారి మీదా ఇదే జరిగింది. సున్నంలో అధిక భాగం తీసేసి ఆ మేరకు స్లాగ్ వేస్తే ఈ ఉబ్బు బాగా తగ్గుతుందని అక్కడివాళ్లు నేర్చుకున్నారు. మన జిల్లాలో చౌడు నేలలున్నాయి, రేగడి అడుగున జిప్సం పలుకులు తగిలే చోట్లున్నాయి. అక్కడ సల్ఫేటు పరీక్ష చేయకుండా ఒక్క బస్తా సున్నం కూడా విప్పకూడదు. ఇంజినీర్లకు ఇది నా విన్నపం కాదు, హెచ్చరిక.

కాలిఫోర్నియాలో ఫ్రయాంట్-కెర్న్ కాలువ గట్లు రేగడి వంటి మట్టివి. అవి జారిపోతుంటే 1970ల తొలినాళ్లలో నూటికి 4 పాళ్లు సున్నం కలిపి తిరిగి కట్టారు, నిలిచాయి. హంద్రీ-నీవా కాలువ రేగడి నేలల గుండా సాగే చోట్ల గట్ల గురించి ఆలోచించేవాళ్లు ఈ అనుభవం చదవాలి.

మరి చెరువు కట్ట మాటేమిటి? ముసలమ్మ కట్టను కూడా బూడిద, సున్నంతో గట్టిపరచమంటానని మీరనుకుని ఉండవచ్చు. అనను. కట్ట గర్భంలోని బంకమట్టి సాగాలి, కుంగితే కుంగి సర్దుకోవాలి. అక్కడ గట్టి పలక లాంటి ముక్క పెడితే దానికీ పాత మట్టికీ మధ్య చీలిక పడి నీటికి దారి ఏర్పడుతుంది. కట్ట మీది బాటకు, అలుగు దిగువ కోతకు గురయ్యే చోటుకు, నీటిలో చెదిరిపోయే రకం మట్టి ఉన్నట్టు పరీక్షలో తేలిన బాహ్య పొరకు మాత్రమే ఈ చికిత్స. బలం ఎక్కడ పెట్టకూడదో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే. నీళ్లు తాగే చెరువు పక్కన బూడిద వాడేముందు ఆర్సెనిక్, క్రోమియం వంటివి నీటిలోకి ఎంత ఊరుతాయో తప్పక చూడాలి. సున్నంతో గట్టిపడ్డ బూడిదలోంచి ఊట సాధారణంగా తగ్గుతుంది. ఆ మాట నమ్మి పరీక్ష మానేయకూడదు.

మన ఎండ ఈ పనికి మేలు చేస్తుందంటే నమ్ముతారా? బూడిద, సున్నం చర్య చలిలో మందగిస్తుంది, వేడిలో వేగం పుంజుకుంటుంది. చలిదేశంలో నెలలు పట్టే బలం మన మే నెలలో చాలా ముందే రాగలదు. అయితే ఆ చర్యకు తడి ఉండాలి. ఎండే నీటినీ లాగేస్తుంది. దిమ్మెస కొట్టి, రోలర్ తిప్పి వదిలేస్తే పై నాలుగు వేళ్ల మందం ఆరిపోయి పొడిగానే మిగులుతుంది. తడిగోనెలు కప్పాలి, లేదా పలుచగా తారు ఎమల్షన్ కొట్టాలి, లేదా మట్టి పొర కప్పి నీళ్లు పట్టాలి. కరువు సీమలో నీళ్లు ఎక్కడివంటారా? వానాకాలం చివర, చెరువులో నీరున్నప్పుడు, రేగడి పదునులో ఉన్నప్పుడు పని పెట్టుకోవాలి. మార్చి నెలాఖరు బిల్లుల కోసం పెట్టుకోకూడదు. ఈ పద్ధతికి పల్లెలో ఒక గొప్ప అనుకూలత ఉంది. సిమెంటు కలిపిన మట్టిని రెండు గంటలు దాటకుండా తొక్కించాలి. సున్నం, బూడిద కలిపినదానికి అంత తొందర లేదు. రైతు ట్రాక్టరుకు ఉన్న రోటవేటరుతోనే కలపవచ్చు, కూలీలు మధ్యాహ్నం ఆగి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

చివరగా హక్కు గురించి. 2021 డిసెంబరు 31న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రాలు తమ బూడిదను పూర్తిగా వినియోగంలోకి తేవాలి. 300 కిలోమీటర్ల లోపు రోడ్డు, కట్టడ పనుల్లో బూడిద వాడాలి. దాన్ని పనిచోటికి రవాణా ఖర్చుతో సహా చేర్చే బాధ్యతను, కొన్ని మినహాయింపులతో, థర్మల్ కేంద్రం మీదే పెట్టింది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం ఇక్కడికి నూరు కిలోమీటర్లకు అటూఇటూ. అంటే బుక్కరాయసముద్రం మండలంలో రేగడి మీద వేసే ప్రతి బాటకూ బూడిద అడిగే అవకాశం కాగితం మీద ఇప్పటికే ఉంది. అడగవలసింది మనం.

సర్పంచులను, పంచాయతీరాజ్ ఇంజినీర్లను నేను కోరేది ఇదే. ఈ మండలంలో ఒక్క కిలోమీటరు రేగడి బాటను ఎంచుకోండి. సగం మామూలు పద్ధతిలో, సగం బూడిద, సున్నంతో వేయండి. మట్టి సల్ఫేటు, నానిన సీబీఆర్, ఊట నీటి పరీక్షలు ముందే చేయించి ఫలితాలు పంచాయతీ బోర్డు మీద అందరూ చదివేలా రాయండి. ఇంజినీరింగ్ పిల్లలారా, ఆ మిశ్రమంతో చేసిన నమూనా దిమ్మెలను 7, 28, 90 రోజులకు విరిచి చూసే పని మీది. మూడు వానాకాలాల పాటు ఆ రెండు సగాలనూ కొలవండి. ఏ సగం నిలిచిందో, ఏది పగిలిందో ఇదే వేదిక మీద వచ్చే ఉపన్యాసాల్లో ఉన్నదున్నట్టు చెప్పండి.